కూతకు వెళ్లి తిరిగి రావడం: డోటా 2లో స్లార్క్‌ను బాగా ఆడడానికి పూర్తి మార్గదర్శి

హనుమకొండ నయీంనగర్‌లో మేం ఆడుకునే గేమింగ్ సెంటర్‌కు ఇంజనీరింగ్ ఫస్టియర్ పిల్లలు చాలామంది వస్తుంటారు. మొన్న వాళ్లలో ఒకడు నా పక్క సిస్టం మీద డోటా 2 గేమ్‌లో స్లార్క్ అనే హీరోను ఆడాడు. ఇరవై నిమిషాలు కాకముందే తొమ్మిదిసార్లు చచ్చాడు. హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకుని అడిగాడు: "అన్నా, దుంకుడు మంచిగనే దుంకిన గదా, మల్ల ఎందుకు సచ్చిన?"

"దుంకినవు తమ్మీ. ఎట్ల బయటికొస్తవో సూస్కున్నవా?"

వాడు స్క్రీన్ వైపు చూసి ఊరుకున్నాడు. ఆ రోజు కూర్చోబెట్టి చెప్పినవన్నీ, చెప్పడానికి టైం చాలనివి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. స్లార్క్ గురించే రాస్తున్నా, యాంటీ మేజ్, ఫాంటమ్ అసాసిన్, ఎంబర్ స్పిరిట్ లాంటి దూకి కొట్టే హీరోలు ఎవరిని ఆడినా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

డోటా 2 కొత్తవాళ్లకు రెండు మాటలు. ఐదుగురు చొప్పున రెండు జట్లు, మ్యాప్ మీద మూడు లేన్లు, అంటే దారులు. ప్రతి 30 సెకన్లకు రెండు వైపుల నుంచీ క్రీప్‌లు అనే చిన్న సైనికులు నడిచి వస్తాయి. ఎదుటివాళ్ల క్రీప్‌ను చివరి దెబ్బ కొట్టి చంపినవాడికి గోల్డ్ వస్తుంది, ఆ గోల్డ్‌తో ఐటెమ్‌లు కొంటాం. టవర్లు పడగొట్టుకుంటూ వెళ్లి చివర్లో వాళ్ల ఏన్షియెంట్ అనే ప్రధాన కట్టడాన్ని కూలిస్తే గెలుపు. హీరోలు 120కి పైగా ఉన్నారు. కొందరు దూరం నుంచి కొడతారు, కొందరు మీదికి వెళ్లి కొట్టాలి. స్లార్క్ రెండో రకం. ఒంట్లో ప్రాణం తక్కువ, కాళ్లలో వేగం ఎక్కువ.

ఇలాంటి హీరోను అర్థం చేసుకోవడానికి మనకు కబడ్డీ కన్నా మంచి పాఠం లేదు. కూతకు వెళ్లినవాడికి ఉండేది 30 సెకన్లు. అవతల ఏడుగురు. ఒకడిని తాకడం గొప్ప పని కాదు, తాకి మధ్యగీత దాటి వెనక్కి వస్తేనే పాయింట్. మా బడి గ్రౌండ్‌లో మంచి కూతగాళ్లను చూసేవాణ్ని. వాళ్ల చూపు ఎప్పుడూ ఎదుటివాడి చేతుల మీదా, తమ వెనక కాలు మీదా ఉండేది. ముందుకు వేసిన ప్రతి అడుగుకూ వెనక్కి ఎన్ని అడుగులు కావాలో వాళ్లకు లెక్క ఉండేది. స్లార్క్ ఆట మొత్తం ఆ లెక్కే.

మొదటి మెట్టు: ఈ హీరో చేతిలో ఏముందో ఒంటపట్టించుకోండి

గేమ్‌లో ప్యాచ్ (అప్‌డేట్) మారినప్పుడల్లా అంకెలు మారుతుంటాయి కాబట్టి డ్యామేజీలు, కూల్‌డౌన్‌లు (మళ్లీ వాడడానికి పట్టే సమయాలు) నేను ఇక్కడ రాయను. అవి గేమ్‌లోనే ఎబిలిటీ మీద మౌస్ పెడితే కనిపిస్తాయి. ఎలా పనిచేస్తాయో మాత్రం విడమరిచి చెబుతాను.

డార్క్ ప్యాక్ట్. నొక్కిన వెంటనే ఏమీ జరగదు. ఒకటిన్నర సెకను ఆగి స్లార్క్ చుట్టూ పేలుతుంది. దగ్గరున్న శత్రువులకు దెబ్బ తగులుతుంది, కొంత స్లార్క్‌కూ తగులుతుంది. అసలు విలువ దెబ్బలో లేదు. పేలుతున్నంతసేపు మీ మీద ఉన్న స్లో (నడక నెమ్మదించడం), రూట్ (కాళ్లు కట్టేయడం), సైలెన్స్ (ఎబిలిటీలు వేయనివ్వకపోవడం), చాలా రకాల స్టన్‌లు (ఏమీ చేయనివ్వకుండా ఆపేసేవి) కూడా ఊడిపోతాయి. అయితే స్టన్ తగిలాక దీన్ని నొక్కలేరు, ముందే నొక్కి ఉండాలి. అంటే ఇది దెబ్బకు మందు కాదు, దెబ్బ రాబోతోందని ముందే పసిగట్టి వేసుకునే టీకా. నొక్కినప్పటి నుంచి పేలేదాకా మీ గుండెలో ఒక గడియారం తిరగాలి. నేను నేర్చుకునేటప్పుడు నోటితో "ఒకటీ... ర" అని లెక్కపెట్టేవాణ్ని. పక్కవాళ్లు నవ్వినా సరే, మీరూ లెక్కపెట్టండి. రెండు వారాల్లో అది నోటి నుంచి వేళ్లలోకి దిగుతుంది.

పౌన్స్. స్లార్క్ ముందుకు దూకుతాడు. దారిలో తగిలిన మొదటి శత్రు హీరోను కాసేపు తాడుతో కట్టేసినట్టు పట్టి ఉంచుతాడు. ఆ హీరో కొట్టగలడు, ఎబిలిటీ వేయగలడు, కానీ ఆ చిన్న వలయం దాటి నడవలేడు. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది, చెప్పినా చేస్తూనే ఉంటారు. పౌన్స్ మీ మౌస్ ఉన్న వైపు దూకదు, స్లార్క్ ముఖం ఉన్న వైపు దూకుతుంది. ప్రాణం తగ్గింది, పారిపోవాలి, వెనక క్లిక్ చేశారు, అదే క్షణం పౌన్స్ నొక్కారు. స్లార్క్ ఇంకా వెనక్కి తిరగలేదు. నేరుగా వెళ్లి నలుగురి మధ్యలో పడతాడు. మా సెంటర్‌లో వాడి తొమ్మిది చావుల్లో మూడు ఇవే. క్లిక్, కళ్లతో మలుపు చూడడం, అప్పుడు పౌన్స్. ఆ మధ్యలో పట్టేది రెప్పపాటు సమయమే, ప్రాణం నిలబెట్టేది కూడా అదే.

ఎసెన్స్ షిఫ్ట్. ఇది నొక్కేది కాదు, దానంతట అదే పనిచేస్తుంది. శత్రు హీరోను కొట్టిన ప్రతి దెబ్బకూ వాడి బలం, చురుకు, తెలివి మూడింట్లోనూ కొంచెం కొంచెం లాక్కుని, మీకు చురుకుగా మారుస్తుంది. మీ కొట్టే వేగం పెరుగుతుంది, వాడు బక్కచిక్కుతాడు. అది కొంతసేపే ఉంటుంది. దీని అర్థం బాగా గమనించండి: కొట్లాట మొదలైన మొదటి రెండు సెకన్లలో స్లార్క్ చాలా బలహీనుడు, పది సెకన్లు బతికితే వాడంత ప్రమాదకారి లేడు. కాబట్టి మీ పని మొదటి దెబ్బతో చంపడం కాదు, ఏడో దెబ్బ కొట్టేదాకా బతకడం.

షాడో డ్యాన్స్. ఇది అల్టిమేట్, అంటే హీరో చేతిలోని అతి పెద్ద ఎబిలిటీ. కొన్ని సెకన్లు నల్లటి పొగలో మాయమవుతారు. మామూలుగా మాయమైన హీరోలను బయటపెట్టే సెంట్రీ వార్డ్, డస్ట్ లాంటివి దీని ముందు పనిచేయవు. కొడుతూ ఉన్నా బయటపడరు. ఎవరూ మీ మీద గురిపెట్టి ఎబిలిటీ వేయలేరు. కానీ నేల మీద వేసే దెబ్బలు, చుట్టూ పడే దెబ్బలు తగులుతాయి. ఆ నల్ల పొగ ఎదుటివాళ్లకు కనిపిస్తుంది కూడా, తెలివైనవాళ్లు అక్కడే వేస్తారు. అందుకే పొగలో నిలబడొద్దు, కదులుతూ ఉండండి.

ఐదోది చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం స్లార్క్ మీద ప్రేమ పుట్టింది దానివల్లే. శత్రువుల చూపులో లేనప్పుడు స్లార్క్ వేగంగా నడుస్తాడు, ప్రాణం గబగబా నిండుతుంది. శత్రువు కంట పడ్డాడా, అది ఆగిపోతుంది. అది పనిచేస్తోందో లేదో కింద చిన్న గుర్తు చెబుతుంది. అంటే మిగతా హీరోలెవరికీ తెలియని సంగతి మీకొక్కరికే తెలుస్తుంది: ఈ క్షణం నన్ను ఎవరైనా చూస్తున్నారా, లేదా? చుట్టూ ఎవరూ లేని అడవిలో నడుస్తుండగా ఆ గుర్తు పోయిందంటే అక్కడ శత్రువులకు చూపునిచ్చే అబ్జర్వర్ వార్డ్ ఉన్నట్టే. వెంటనే మ్యాప్ మీద పింగ్ చేసి (గుర్తు పెట్టి) సపోర్ట్‌కు, అంటే మీ జట్టులో మిగతావాళ్లకు సాయంగా ఆడేవాడికి, చెప్పండి. వాళ్లు ఒక సెంట్రీ పెడితే ఆరు నిమిషాలు ఉండాల్సిన వార్డ్ అరనిమిషంలో పోతుంది. ఒక్క వార్డ్ పోయిందంటే మీ జట్టు మొత్తానికి అటువైపు అడవి తిరిగి వచ్చినట్టు.

రెండో మెట్టు: ఆట మొదలయ్యే ముందు

ఇది త్వరగా ముగిద్దాం. సర్వర్‌గా ఇండియా ఎంచుకోండి. క్విక్‌కాస్ట్ పెట్టుకోండి, స్లార్క్‌కు రెండోసారి క్లిక్ చేసే తీరిక ఉండదు. ఆటో ఎటాక్ ఆపేయండి, లేకపోతే మీకు తెలియకుండానే క్రీప్‌లను కొట్టి లేన్‌ను ముందుకు నెట్టేస్తాడు. మినీ మ్యాప్ పెద్దది చేసుకోండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ర్యాంక్డ్ ఆడకండి, ముఖ్యంగా వాన మబ్బు పట్టినప్పుడు. పింగ్ (నెట్ ఆలస్యం) ఎక్కువగా ఉండడం కన్నా పైకీ కిందికీ ఊగడం ఈ హీరోకు ఎక్కువ నష్టం, ఎందుకంటే మీ ఒకటిన్నర సెకను లెక్క రోజుకో రకంగా తప్పుతుంది. ఎండాకాలం కరెంటు పోయే వేళలు మీ కాలనీలో మీకే తెలుసు. ఆ వేళకు మ్యాచ్ వెతకొద్దు, మధ్యలో ఆగితే మిగతా నలుగురి ఆట పాడవుతుంది.

ఎప్పుడు ఈ హీరోను తీసుకోకూడదో కూడా చెప్పాలి. మీ దాక్కునే బలాన్ని దెబ్బతీసేవాళ్లు కొందరున్నారు. బౌంటీ హంటర్ వేసే ట్రాక్ మిమ్మల్ని కనిపించేలా చేస్తుంది. బ్లడ్‌సీకర్ ప్రాణం తగ్గినవాళ్లను దూరం నుంచే చూడగలడు, పైగా వాడి రప్చర్ పడ్డాక కదిలితే కదిలినంత దెబ్బ. కదలడమే బతుకైన స్లార్క్‌కు అంతకన్నా చేటు లేదు. జ్యూస్ (Zeus) తన అల్టిమేట్ పిడుగు వేస్తే మీరెక్కడున్నారో ఒక్కసారి అందరికీ కనిపిస్తుంది. డిస్‌రప్టర్ గ్లింప్స్ వేస్తే కొన్ని సెకన్ల ముందు ఎక్కడున్నారో అక్కడికే లాగేస్తుంది, అంటే మీరు దాటి వచ్చిన మధ్యగీత అవతలికి. లెజియన్ కమాండర్ డ్యూయెల్‌లో దొరికితే ఎబిలిటీలు ఏవీ నొక్కలేరు. వీళ్లలో ఒకరుంటే జాగ్రత్తగా ఆడొచ్చు. ఇద్దరుంటే వేరే హీరోను తీసుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు.

మూడో మెట్టు: మొదటి పది నిమిషాలు

ఈ పది నిమిషాల్లో మీకు కావాల్సింది క్రీప్‌ల చివరి దెబ్బలు. ఎదురుగా దూరం నుంచి కొట్టేవాడు ఉంటే క్రీప్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మీకు ఒక దెబ్బ పడుతుంది. దీనికి విరుగుడు క్రీప్‌లను మీ వైపుకు లాక్కోవడం. దీన్ని దగ్గరగా చూద్దాం.

రెండు వైపుల క్రీప్‌లూ మధ్యలో కలిసి కొట్టుకుంటున్నాయి. మీరు శత్రు క్రీప్‌లకు కాస్త దగ్గరలో ఉన్నారు. ఎదుటి హీరో ఎంత దూరంలో ఉన్నా సరే, కంటికి కనిపిస్తే చాలు, వాడి మీద ఒక్క కుడి క్లిక్ చేయండి. కొట్టాలని కాదు, కొట్టమని ఆర్డర్ ఇచ్చినట్టు మాత్రమే. ఆ క్షణమే దగ్గర్లో ఉన్న శత్రు క్రీప్‌లన్నీ మీ వైపు తిరుగుతాయి. వెంటనే మీ టవర్ వైపు నాలుగు అడుగులు వెనక్కి నడవండి. అవి మీ వెంట వస్తాయి, కాసేపటికి మళ్లీ మీ క్రీప్‌ల మీదికి పోతాయి. ఈలోగా కొట్లాట జరిగే చోటు మీ వైపుకు జరిగిపోయింది. ఇప్పుడు ఎదుటివాడు మిమ్మల్ని కొట్టాలంటే మీ టవర్ వైపు, మీ సపోర్ట్ చేతికి అందేంత దగ్గరికి రావాలి. పౌన్స్‌కు కావాల్సింది కూడా అదే. క్రీప్ వేవ్ వచ్చిన ప్రతిసారీ ఇలా ఒకటి రెండుసార్లు లాగుతుంటే ఐదో నిమిషానికి లేన్ మీది అయిపోతుంది. వెంటవెంటనే క్లిక్ చేస్తే పనిచేయదు, మధ్యలో రెండు మూడు సెకన్ల ఎడం ఇవ్వండి.

మీ క్రీప్ ప్రాణం సగానికి తగ్గితే దాన్ని మీరే చంపేయొచ్చు, దాన్నే డినై అంటాం. ఎదుటివాడి ఆదాయానికి, అనుభవానికి కోత పడుతుంది. కొత్తవాళ్లు రెండింటికీ ఆశపడి రెండూ పోగొట్టుకుంటారు. ముందు మీ లాస్ట్ హిట్, తర్వాతే డినై.

లేన్‌లో చంపే అవకాశం ఎప్పుడొస్తుంది? మీ సపోర్ట్ దగ్గర స్టన్ గానీ స్లో గానీ ఉంటే ముందు వాళ్లను వేయనివ్వండి. పౌన్స్ గీత గీసినట్టు నేరుగా పోతుంది, కాస్త చురుకైనవాడు పక్కకు ఒక్క అడుగేసి తప్పించుకుంటాడు. స్టన్‌లో ఉన్నవాడు తప్పించుకోలేడు. చాలామంది ఆత్రంగా ముందు దూకి, సపోర్ట్ వెనక పరుగెత్తుకుంటూ వచ్చేసరికి తాడు తెగిపోయి ఉంటుంది. సపోర్ట్‌తో ఆట మొదట్లోనే ఒక మాట అనుకోండి: "నువ్వు వెయ్, నేను దూకుతా."

ప్రాణం తగ్గితే ఇంటికి పోవాల్సిన పనిలేదు. చెట్ల మధ్యలోకి వెళ్లి శత్రువుల చూపు తప్పించుకుని పది సెకన్లు నిలబడండి. ఆ గుర్తు వెలిగిందో లేదో చూసుకోండి. మిగతా హీరోలు ఇంటి దగ్గర ప్రాణం నింపే ఫౌంటెన్‌కు వెళ్లి వచ్చే సమయంలో మీరు రెండు వేవ్‌లు ఎక్కువ కొట్టుకుంటారు. మొదటి రెండు మూడు లెవెల్స్‌లో ఇంకా ఆ వరం బలంగా ఉండదు కాబట్టి తింటూ కోలుకునే టాంగోలు తెచ్చుకోవడం మరచిపోవద్దు.

నాలుగో మెట్టు: కనిపించి మాయమవడం

పదో నిమిషం నుంచి ఇరవై ఐదో నిమిషం దాకా మీ రోజు ఇలా సాగాలి. ఒక లేన్‌లో కనిపించండి. వేవ్‌ను గబగబా కొట్టి ముందుకు నెట్టండి. వెంటనే అడవిలోకి మాయమవండి. ఎదుటి జట్టులో ఐదుగురూ మినీ మ్యాప్ చూసి "స్లార్క్ ఎక్కడ?" అని అనుకోవాలి. ఆ ప్రశ్న వాళ్ల నోట్లో ఉన్నంతసేపు వాళ్లు టవర్ దాటి ముందుకు రారు. మీరు ఏమీ చేయకుండానే మీ జట్టుకు సగం మ్యాప్ ఇచ్చినట్టు.

అడవిలో న్యూట్రల్ క్యాంపులు (ఏ జట్టుకూ చెందని జంతువుల చోట్లు) నిమిషం నిమిషానికి ఖాళీగా ఉంటే నిండుతాయి. నిమిషం ముగియడానికి ఐదారు సెకన్ల ముందు ఒక దెబ్బ కొట్టి ఆ జంతువులను బయటికి లాగితే ఆ ఖాళీ చోట ఇంకో గుంపు పుడుతుంది. అదే స్టాకింగ్. స్లార్క్ మొదట్లో గుంపులను కొట్టడంలో నిదానం కాబట్టి పేర్చినవాటి మీద డార్క్ ప్యాక్ట్ పేల్చుకుంటే లాభం. మీ టవర్ దగ్గరికి ఎగిరి చేర్చే టౌన్ పోర్టల్ స్క్రోల్ జేబులో లేకుండా ఎక్కడికీ కదలొద్దు.

పగలూ రాత్రీ మీద శ్రద్ధ పెట్టండి. ఆట పగటితో మొదలవుతుంది, ఐదు నిమిషాలకోసారి మారుతుంది. 5వ నిమిషం, 15వ నిమిషం, 25వ నిమిషం దగ్గర రాత్రి మొదలవుతుంది. చాలామంది హీరోలకు గేమ్ కొలతలో పగలు 1800 దూరం దాకా చూపు ఉంటుంది, రాత్రి అది 800కు పడిపోతుంది. రాత్రుళ్లు మీరు వేటకు వెళ్లాలి. పగలు కూలి పని, రాత్రి వేట అని నేను మా పిల్లలకు చెబుతుంటాను. ఒక్కో రాత్రికి ఒక్కసారి, శత్రువుల కంట పడకుండా దాచే స్మోక్ తీసుకుని ఇద్దరు ముగ్గురు కలిసి శత్రు అడవిలోకి వెళ్లండి.

ఒంటరిగా ఎవరి మీద పడాలి? దగ్గర్లో దొరికినవాడి మీద కాదు. ముగ్గురు మినీ మ్యాప్ మీద వేరేచోట కనిపిస్తున్నప్పుడు, నాలుగోవాడు ఒంటరిగా మీకు చేరువలో ఉన్నప్పుడు. నలుగురు కనబడకుండా ఒక్కడే లేన్‌లో ధైర్యంగా క్రీప్‌లు కొట్టుకుంటున్నాడంటే వాడు ఎర. నేను మొదట్లో ఆ ఎరకు పడిన ఆటలు లెక్కలేనన్ని. ఇప్పుడు అలా కనిపిస్తే ఆ లేన్ వదిలేసి అవతలి చివర టవర్ మీదికి పోతాను.

ఐదో మెట్టు: పెద్ద కొట్లాట, సెకను సెకనుగా

ఇదే అసలు విషయం, ఇక్కడ ఆగి చదవండి.

రాత్రి. నది పక్కన రెండు జట్లూ ఎదురుపడ్డాయి. శత్రువుల్లో ముందు ఒక లావుపాటి హీరో, వెనక క్రిస్టల్ మెయిడెన్, ఆమెకు కుడివైపు లయన్. లయన్ దగ్గర నేల చీల్చుకుంటూ వచ్చే స్టన్, ఎదుటివాణ్ని చిన్న జంతువుగా మార్చే హెక్స్ ఉన్నాయి. మెయిడెన్ దగ్గర కాళ్లు కట్టేసే ఫ్రాస్ట్‌బైట్. మీరు ఎడమవైపు చెట్ల చీకట్లో ఉన్నారు. గుర్తు వెలుగుతోంది, మిమ్మల్ని ఎవరూ చూడలేదు.

ముందుగా చేయాల్సింది ఏమీ చేయకపోవడం. మీ జట్టు మొదలుపెట్టనివ్వండి. మీ లావుపాటి హీరో ముందుకెళ్లాడు, లయన్ ఆగలేక స్టన్ వాడి మీద వేసేశాడు. మీరు ఎదురుచూసింది దీనికే. ఎదుటివాళ్ల దగ్గర మిమ్మల్ని ఆపగలిగేవి రెండో మూడో ఉంటాయి. వాటిలో ఒకటైనా ఖర్చయ్యేదాకా మీరు చెట్ల చీకట్లో ఉన్నారంటే, అది పిరికితనం కాదు. కబడ్డీలో డిఫెండర్ చేయి చాపేదాకా కూతగాడు గీత దగ్గర ఊగుతూ ఉంటాడే, అదే పని.

ఇప్పుడు డార్క్ ప్యాక్ట్ నొక్కండి. లెక్క మొదలు. నడుచుకుంటూ ముందుకు రండి, ఇంకా చీకట్లోనే. దాదాపు ఒక సెకను అయ్యింది. ముఖం మెయిడెన్ వైపు ఉందా? ఉంది. పౌన్స్. తాడు పడింది. ఆమె భయపడి ఫ్రాస్ట్‌బైట్ వేస్తుంది, మీ కాళ్లకు మంచు గడ్డ కట్టిన ఆ క్షణమే మీ డార్క్ ప్యాక్ట్ పేలుతుంది. మంచు ఊడిపోతుంది. మీ కాళ్లు కట్టేయడానికి ఆమె దగ్గర ఇక ఏమీ లేదు. ఒక దెబ్బ, రెండు, మూడు. ప్రతి దెబ్బకూ మీ వేగం పెరుగుతోంది.

ఇక్కడ మీ కళ్లు మెయిడెన్ మీద ఉండకూడదు. ఆమె ఎటూ పోదు, తాడు ఉంది. మీ కళ్లు లయన్ మీద ఉండాలి. వాడు మీ వైపు తిరుగుతున్నాడా? తిరిగాడంటే హెక్స్ వస్తోంది. హెక్స్ తగిలాక అల్టిమేట్ నొక్కలేరు. అందుకే ప్రాణం సగానికి వచ్చేదాకా ఆగకుండా, వాడు తిరిగిన క్షణమే షాడో డ్యాన్స్ నొక్కండి. వాడి హెక్స్‌కు గురి దొరకదు. నల్ల పొగలో ఇంకో నాలుగు దెబ్బలు, మెయిడెన్ పడిపోయింది.

ఇప్పుడు రెండు దారులు. పౌన్స్ తిరిగి సిద్ధమైందా? అయితే లయన్ మీదికి వెళ్లొచ్చు. కాలేదా? చెట్లలోకి వెళ్లండి. అంతే, వెనక్కి చూడొద్దు. చీకట్లోకి చేరగానే ప్రాణం నిండుతుంది, ఆ తర్వాత రెండోసారి కూతకు వస్తారు. స్లార్క్ గెలిపించే కొట్లాటలన్నీ ఈ రెండో రాకలోనే గెలుస్తాం. మొదటిసారే అంతా చేసేయాలని చూసినవాడికి ఆ రెండో రాక దక్కదు.

ఒక నియమం మాత్రం కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకోండి: పౌన్స్, షాడో డ్యాన్స్ రెండూ లోపలికి వెళ్లడానికి ఖర్చు చేయొద్దు. ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి. మన ఊళ్ల చెరువులకు తూము ఎంత బాగున్నా మత్తడి లేకపోతే కట్ట తెగుతుంది కదా. కాకతీయులు కట్టిన పాకాల చెరువు ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే నీళ్లు నింపడం ఎంత బాగా తెలుసో, వదలడం కూడా అంతే బాగా తెలుసు వాళ్లకు.

ఎదుటివాడు ఘోస్ట్ సెప్టర్ వాడితే కొన్ని సెకన్లు మీ మామూలు దెబ్బలు తగలవు. చాలామంది వాడి చుట్టూ తిరుగుతూ అది అయిపోయేదాకా చూస్తారు. చూడొద్దు. అక్కడి నుంచి ఇంకొకడి మీదికి పొండి, లేదంటే బయటికి రండి.

ఆరో మెట్టు: ఏం కొనాలి

ఐటెమ్‌ల జాబితా బట్టీ పట్టడం నాకు ఇష్టం ఉండదు. మీరు ఎందుకు చచ్చారో దాన్నిబట్టి కొనండి.

మ్యాజిక్ వాండ్, పవర్ ట్రెడ్స్ దాదాపు ప్రతి ఆటలోనూ కావాలి. తర్వాత డిఫ్యూజల్ బ్లేడ్ వంటిది వెంటపడి పట్టుకోవడానికి మంచిది, ఎదుటివాడు నెమ్మదిస్తాడు, ఎబిలిటీలు వేయడానికి కావాల్సిన వాడి మనా కరిగిపోతుంది. దొరికినవాళ్లు తప్పించుకుపోతున్నారని అనిపిస్తే ముందు అదే. మీరే తట్టుకోలేక చస్తున్నారని అనిపిస్తే సాంగే అండ్ యాషా.

ఎదుటి జట్టులో గట్టి స్టన్‌లు మూడు ఉంటే కాసేపు వాటి నుంచి కాపాడే బ్లాక్ కింగ్ బార్ తీసుకోండి. ఇది కొనడానికి మనసు రాదు, ఎందుకంటే దానివల్ల దెబ్బ పెద్దగా పెరగదు. కానీ చచ్చిన స్లార్క్ దెబ్బ సున్నా. ఒకే స్టన్ ఉంటే దాన్ని డార్క్ ప్యాక్ట్‌తోనే దాటడం నేర్చుకోండి, ఆ గోల్డ్ మిగుల్తుంది. ఆట నలభై నిమిషాలు దాటితే స్కల్ బాషర్‌ను అబిసల్ బ్లేడ్‌గా మార్చడం, ఐ ఆఫ్ స్కాడీ, ఇవి నా ఎంపిక.

ఎదుటివాళ్లలో గ్లిమర్ కేప్ కొన్నవాడో, రికీ లాంటి మాయమయ్యేవాడో ఉంటే డస్ట్ మీరే మోయండి. సపోర్ట్ తెస్తాడని చూడొద్దు. మీరు దూకినప్పుడు సపోర్ట్ నాలుగు అడుగుల వెనక ఉంటాడు, ఆ నాలుగు అడుగుల్లో వాడు మాయమైపోతాడు.

ఏడో మెట్టు: చంపాక ఏం చేయాలి

ఒకడిని చంపగానే మనవాళ్లు ఇంకొకడిని వెతుక్కుంటూ పోతారు. ఆటలు పోగొట్టుకునేది ఇక్కడే. ఇద్దరు చచ్చారా, వెంటనే టవర్. ముగ్గురు చచ్చారా, మ్యాప్ మీద ఏ జట్టుకూ చెందని పెద్ద రాక్షసుడు రోషన్ ఉన్నాడేమో చూడండి. రోషన్‌ను చంపితే వచ్చే ఏజిస్ ఐదు నిమిషాలు ఉంటుంది, చచ్చినా ఒకసారి లేపుతుంది. అది స్లార్క్ దగ్గర ఉంటే మంచిదా? మీ జట్టులో మీకన్నా ముందు నిలబడి కొట్టేవాడు ఉంటే వాడికి ఇవ్వండి. మీకు బయటికి వచ్చే దారులు ఇప్పటికే రెండున్నాయి, వాడికి ఒకటీ లేదు.

ముప్పై నిమిషాలు దాటాక బైబ్యాక్‌కు, అంటే చచ్చాక డబ్బిచ్చి వెంటనే లేవడానికి, గోల్డ్ మిగిల్చుకుని ఆడండి. ఒకసారి వాడితే మళ్లీ ఎనిమిది నిమిషాల దాకా దొరకదు, దాన్ని కోపంలో వాడకూడదు.

ఎనిమిదో మెట్టు: సాధన

రోజూ ర్యాంక్డ్‌కు ముందు పది నిమిషాలు హీరో డెమోలో (గేమ్‌లోనే ఒంటరిగా సాధన చేసుకునే చోట) గడపండి. లయన్‌ను ఎదురుగా పెట్టుకుని నడక, లెక్క, మలుపు, దూకుడు, వెనక్కి రావడం. ఇరవైసార్లు. విసుగ్గానే ఉంటుంది. మా పక్క వీధి కబడ్డీ పిల్లలు పొద్దున్నే గ్రౌండ్‌లో ఒక్క అడుగునే గంటసేపు వేస్తుంటారు, వాళ్లకు లేని విసుగు మనకెందుకు?

తర్వాత రీప్లేలు. ఆట గెలిచినా ఓడినా మీ చావులన్నీ తెరవండి. ప్రతి చావుకూ పది సెకన్లు వెనక్కి వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఆ క్షణంలో నేను ఎటునుంచి బయటికి రావాలనుకున్నాను? జవాబు ఉంటే దాన్ని ఎందుకు చేయలేకపోయారో రాయండి. జవాబు లేకపోతే "దారి లేదు" అని రాయండి. నా నోట్‌బుక్‌లో మొదటి నెల పేజీలన్నీ "దారి లేదు"లే. మూడో నెలకు "ముఖం తిరగలేదు", "లెక్క తప్పింది", "హెక్స్ చూడలేదు" అనే మాటలు మొదలయ్యాయి. చావులు పెద్దగా తగ్గలేదు, కారణాలు మారాయి. అలా మారుతుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు.

మూడు ఆటలు వరసగా ఓడిపోతే లేవండి. భద్రకాళి చెరువు కట్ట మీద ఒక చుట్టు నడిచి రండి, చేతి మణికట్టు విదిలించుకోండి, నీళ్లు తాగండి. టెన్షన్‌తో ఆడిన నాలుగో ఆటలో వేళ్లు మెదడు మాట వినవు, పౌన్స్ ముఖం తిరగకముందే నొక్కుకుపోతుంది.

మా సెంటర్ పిల్లవాడు పోయిన ఆదివారం మళ్లీ వచ్చాడు. చేతిలో వంద పేజీల లాంగ్ నోట్‌బుక్. మొదటి పేజీలో తొమ్మిది వరసలు, ఏడింటి పక్కన "దారి లేదు". కింద రెండు వరసలు మాత్రం వేరేగా ఉన్నాయి. ఆ రెండు రీప్లేలే తెరిచి, సాయంత్రం దాకా ఇద్దరం సెకను సెకనూ ఆపుకుంటూ చూశాం.